ఛార్జీల గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ ప్రిపొజిషన్ ఎక్కడ వాడాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే సంస్థలో లెక్కల విభాగం చూస్తున్నారు. విదేశంలో ఉన్న కొనుగోలుదారుకు ఒక ఉత్తరంలో "ఫిఫ్టీ డాలర్స్ విల్ బి ఛార్జ్డ్ ఫ్రమ్ యు టు కొరియర్" అని, మరో ఉత్తరంలో "యు ఆర్ ఛార్జ్డ్ విత్ లేట్ పేమెంట్" అని రాశారు. మొదటి వాక్యానికి అర్థం ఏమిటని వారు తిరిగి అడిగారు, రెండోదానికి నొచ్చుకున్నారు. "ఛార్జ్" పక్కన ఫర్, టు, ఆన్, ఫ్రమ్, విత్, ఎట్, అగైనెస్ట్ అన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి, ఏది ఎప్పుడు రాయాలో తేల్చే నియమం ఏదైనా ఉందా అని అడుగుతున్నారు.

ఉంది. వ్యాకరణ పుస్తకాల్లో "ఆన్ అంటే మీద, టు అంటే కి, ఫ్రమ్ అంటే నుంచి" అని నేర్పే పద్ధతిని మాత్రం ముందుగా పక్కన పెట్టవలసి ఉంటుంది, ఎందుకంటే మీ రెండు వాక్యాలూ తప్పింది సరిగ్గా ఆ పద్ధతి వల్లనే. తెలుగులో విభక్తి నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. డబ్బు ఎవరి దగ్గర తీసుకుంటున్నామో వారి పేరుకు "నుంచి" చేరుస్తాం. ఆ తరువాత వసూలు చేస్తాం అన్నా, తీసుకుంటాం అన్నా, రాబడతాం అన్నా ఆ "నుంచి" మారదు. ఇంగ్లీషులో అలా కాదు. అక్కడ ఏ ప్రిపొజిషన్ రావాలో క్రియ నిర్ణయిస్తుంది. ఒకే కొనుగోలుదారు, ఒకే యాభై డాలర్లు, కాని క్రియను బట్టి "కలెక్ట్ ఫ్రమ్ యు", "రికవర్ ఫ్రమ్ యు", "ఇంపోజ్ ఆన్ యు" అని రాయాలి, "ఛార్జ్", "బిల్", "ఇన్వాయిస్" అనే క్రియల తరువాత అయితే ఏ ప్రిపొజిషనూ లేకుండా నేరుగా "యు" అని రాయాలి. అందువల్ల తెలుగు విభక్తికి సమానమైన ఇంగ్లీషు మాట వెతకడం మానేసి, ఏ క్రియ వాడుతున్నాను, దాని పక్కన వచ్చేది మనిషా, మొత్తమా, సేవా, ఖాతానా, రేటా అని చూసుకుంటే చాలావరకు సందేహం తీరిపోతుంది.

"ఛార్జ్" క్రియగా వచ్చినప్పుడు వాక్యం ఇలా నడుస్తుంది: చెల్లించవలసిన మనిషి నేరుగా, మొత్తం నేరుగా, ఆ మొత్తం దేనికో ఆ సేవ ముందు "ఫర్". "వుయ్ ఛార్జ్ యు ఫిఫ్టీ డాలర్స్ ఫర్ కొరియర్" అన్నది దీని అసలు రూపం. కర్మణి ప్రయోగంలోకి మార్చితే "యు విల్ బి ఛార్జ్డ్ ఫిఫ్టీ డాలర్స్ ఫర్ కొరియర్" అవుతుంది. మీ మొదటి ఉత్తరంలో రావలసిన వాక్యం ఇదే. "ఛార్జ్డ్ ఫ్రమ్ యు" అనేది మన దేశంలో నోటీసు బోర్డుల మీద, దుకాణాల్లో, హాస్టళ్ల నిబంధనల్లో విరివిగా కనిపిస్తుంది కాబట్టి అది తప్పని ఎవరికీ తోచదు. విదేశీ పాఠకుడు మాత్రం "ఛార్జ్డ్ ఫ్రమ్" అని చదవగానే ఆ తరువాత ఒక తేదీ వస్తుందని ఎదురుచూస్తాడు, ఎందుకంటే ఆ క్రియ పక్కన "ఫ్రమ్" సాధారణంగా ఎప్పటి నుంచి అన్న విషయాన్ని చెబుతుంది: "స్టోరేజ్ ఈజ్ ఛార్జ్డ్ ఫ్రమ్ ద సిక్స్త్ డే". మీకు "ఫ్రమ్ యు" అనే రాయాలని ఉంటే క్రియను మార్చి "కలెక్ట్" అనో "రికవర్" అనో రాయండి, వాక్యం నిక్షేపంగా ఉంటుంది.

రెండో ఉత్తరం విషయం మరింత సున్నితమైనది. "ఛార్జ్" తరువాత మనిషి, ఆ మనిషి తరువాత "విత్" వచ్చిందంటే అది డబ్బుకు సంబంధించిన మాటగా ఉండదు. సాధారణంగా నేరం మోపడం అన్న అర్థంలోకి వెళ్లిపోతుంది. పోలీసులు ఛార్జిషీటు వేసినప్పుడు వార్తాపత్రికలు రాసే "ఛార్జ్డ్ విత్ చీటింగ్" ఈ కోవలోనిదే. కాబట్టి "యు ఆర్ ఛార్జ్డ్ విత్ లేట్ పేమెంట్" అన్న వాక్యం, ఆలస్యంగా చెల్లించారన్న అభియోగాన్ని మీ మీద మోపుతున్నాం అన్నట్టు వారికి వినిపించింది. వారు నొచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీరు చెప్పదలచుకున్నది "వుయ్ హావ్ ఛార్జ్డ్ యు ఎ లేట్ పేమెంట్ ఫీ" అని. ఇంకొంచెం మర్యాదగా, మనిషిని వాక్యంలోకి లాగకుండా చెప్పాలంటే "ఎ లేట్ పేమెంట్ ఫీ హాజ్ బీన్ యాడెడ్ టు ద ఇన్వాయిస్" అని రాయవచ్చు. బాకీ గుర్తుచేసే ఉత్తరాల్లో నేను ఎప్పుడూ ఈ రెండో రూపాన్నే సూచిస్తాను, ఎందుకంటే అందులో నింద ఉండదు, విషయం మాత్రం పూర్తిగా ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది: "డెబిట్", "క్రెడిట్" అనే క్రియల పక్కన ఖాతా వచ్చినప్పుడు "విత్" సరైనదే. "వుయ్ హావ్ క్రెడిటెడ్ యువర్ అకౌంట్ విత్ టూ హండ్రెడ్ డాలర్స్" అన్నది శుద్ధమైన వాణిజ్య భాష. అక్కడ చూసి ఇక్కడ "ఛార్జ్డ్ యు విత్" అని రాసేవారు చాలామంది ఉన్నారు. పక్కపక్కన ఉండే క్రియలైనా ఒకదాని ప్రిపొజిషన్ మరొకదానికి చెల్లదు.

ఇక తెలుగు "కి" తెచ్చిపెట్టే చిక్కు. ప్యాకింగ్‌కి ఇంత, కొరియర్‌కి ఇంత, కిలోకి ఇంత, మనిషికి ఇంత అని మనం ఒకే ప్రత్యయంతో నాలుగు పనులు నడిపిస్తాం. ఇంగ్లీషులో ఇవి వేరువేరు దారులు పడతాయి. సేవకైతే "ఫర్", కొలమానానికైతే "పర్", ఖాతాకైతే "టు". "టు" గురించి గుర్తుంచుకోవలసింది ఇదే: ఛార్జీ విషయంలో "టు" తరువాత వచ్చేది ఆ మొత్తం రాసుకునే చోటు, అంటే ఖాతా, కార్డు, హోటల్ గది, విభాగం, ప్రాజెక్టు. "ప్లీజ్ ఛార్జ్ ద సాంపిల్స్ టు ద మార్కెటింగ్ బడ్జెట్" అంటే నమూనాల ఖర్చును ఆ పద్దులో చూపించండి అని. మనం "ఆయన ఖాతాలో వేయండి" అంటాం కాబట్టి చెయ్యి "ఇన్ హిజ్ అకౌంట్" వైపు పోతుంది. అక్కడ "టు హిజ్ అకౌంట్" అని దిద్దుకోవాలి. కార్డు విషయంలో క్రియకూ నామవాచకానికీ తేడా కూడా ఉంది. కార్డుకు ఛార్జ్ చేయడం "ఛార్జ్ ఇట్ టు మై కార్డ్" అవుతుంది, కాని స్టేట్‌మెంటులో తెలియని మొత్తం కనిపించినప్పుడు బ్యాంకుకు రాసేది "దేర్ ఈజ్ ఎ ఛార్జ్ ఆన్ మై కార్డ్" అని.

"ఛార్జ్" నామవాచకంగా మారినప్పుడు మొత్తం ముందు "ఆఫ్" వస్తుంది, సేవ ముందు "ఫర్" అలాగే ఉంటుంది: "ఎ ఛార్జ్ ఆఫ్ ఫిఫ్టీ డాలర్స్ ఫర్ ఫ్యూమిగేషన్" (ఫ్యూమిగేషన్ అంటే సరుకుకు పురుగు పట్టకుండా మందు పొగ పెట్టడం). "ఎ ఛార్జ్ ఆఫ్ ఫ్యూమిగేషన్" అని రాయకూడదు. ఈ తప్పు ఎక్కడి నుంచి వస్తుందంటే "కాస్ట్" అనే మాట నుంచి, ఎందుకంటే "ద కాస్ట్ ఆఫ్ ఫ్యూమిగేషన్" సరైనదే. ఖర్చుకు ఆఫ్, ఛార్జీకి, ఫీజుకు, బిల్లుకు ఫర్. గందరగోళం అనిపిస్తే ప్రిపొజిషన్ అవసరమే లేని దారి ఒకటి ఉంది: రెండు నామవాచకాలను కలిపి "ఫ్యూమిగేషన్ ఛార్జ్", "ప్యాకింగ్ ఛార్జ్", "హ్యాండ్లింగ్ ఫీ" అని రాసెయ్యడం. ఇన్వాయిస్‌లోని వరుసల్లో ఇదే ఉత్తమం, చదివేవారికీ సులువు.

"మీద" విషయానికి వద్దాం. "ఆన్" తరువాత వచ్చేది లెక్క కట్టడానికి ఆధారమైన విలువ లేదా వస్తువు. పన్ను, వడ్డీ, సుంకం, కమీషన్, తగ్గింపు ఇవన్నీ "ఆన్" తీసుకుంటాయి, ఎందుకంటే ఇవి ఏదో ఒక మొత్తం మీద లెక్కగట్టేవి. రేటు ముందు "ఎట్" వస్తుంది. తెలుగులో దీనికి దగ్గరగా ఉన్నది "చొప్పున". మీ వాక్యంలో "చొప్పున" అని అనుకోగలిగిన చోట ధైర్యంగా "ఎట్" రాయవచ్చు. ఉదాహరణకు, దేశంలోపల ఇచ్చే ఒక సేవకు పన్ను విధించదగ్గ విలువ 10,000 రూపాయలు, జీఎస్టీ 18 శాతం అనుకుంటే, "జీఎస్టీ ఈజ్ ఛార్జ్డ్ ఎట్ ఎయిటీన్ పర్సెంట్ ఆన్ ద ట్యాక్సబుల్ వాల్యూ" అని రేటుకు ఎట్, ఆధారానికి ఆన్ పెడతాం. వచ్చిన 1,800 రూపాయల గురించి చెప్పేటప్పుడు "జీఎస్టీ ఆఫ్ రుపీస్ ఎయిటీన్ హండ్రెడ్" అంటాం. ఈ మూడింటినీ కలగలిపి "జీఎస్టీ విల్ బి ఛార్జ్డ్ విత్ ఎయిటీన్ పర్సెంట్ టు ద వాల్యూ" అని రాసిన ఉత్తరాలు నేను తరచుగా దిద్దుతుంటాను. ఎగుమతి సరఫరాలను ఐజీఎస్టీ (సమీకృత జీఎస్టీ) చట్టం 16వ సెక్షన్ సున్నా రేటు సరఫరాలుగా చూస్తుంది కాబట్టి విదేశీ ఇన్వాయిస్‌లో ఈ వాక్యం మీకు ఎక్కువగా అవసరం పడదు, కాని లారీ కిరాయి విషయంలో గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీలతో ఉత్తరాలు నడిపేటప్పుడు పడుతుంది. అక్కడ పన్నును సేవ పొందినవారే చెల్లించే పద్ధతి ఉంటే ఇన్వాయిస్ మీద రాసే మాట "పేయబుల్ ఆన్ రివర్స్ ఛార్జ్ బేసిస్". నిబంధనల్లో ఉన్న రూపమే ఇది, ఇక్కడ "ఆన్" బేసిస్ అనే మాటకు చెందినది.

మనిషి ముందు మాత్రం "ఛార్జ్ ఆన్" వద్దు. "కస్టమర్ మీద ఛార్జీ వేస్తాం" అని మనం అంటాం, అందుకే "ఛార్జ్ ఆన్ ద కస్టమర్" అని వచ్చేస్తుంది. ఆ భావాన్ని "ఇంపోజ్ ఆన్ ద కస్టమర్" మోస్తుంది, లేదా ఖర్చును అతనికి బదలాయించడం అనే అర్థంలో "పాస్ ఆన్ టు ద కస్టమర్".

ఎగుమతి వ్యాపారంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాట్లు "అకౌంట్" అనే మాట చుట్టూ జరుగుతాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నాలుగు రూపాలున్నాయి, నాలుగింటికీ అర్థాలు వేరు. "ఫర్ యువర్ అకౌంట్" అంటే ఆ ఖర్చు మీరు భరించాలి. "టు యువర్ అకౌంట్" అంటే ఆ మొత్తాన్ని మీ ఖాతాలో పద్దుగా రాశాం. "ఆన్ అకౌంట్ ఆఫ్ డిలే" అంటే ఆలస్యం కారణంగా. ఒంటరిగా వచ్చే "పేమెంట్ ఆన్ అకౌంట్" అంటే మొత్తం బాకీ తేలకముందే ఇచ్చిన పాక్షిక చెల్లింపు. మనవాళ్లు భరించడం అన్న అర్థంలో "ఆల్ ఛార్జెస్ ఆన్ యువర్ అకౌంట్" అని రాస్తారు. అది ఈ నాలుగింటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. అవతలివారు తమకు అనుకూలమైన అర్థాన్ని తీసుకుంటే తప్పు పట్టడానికి మీకు ఆధారం మిగలదు.

లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనుగోలుదారు తరఫున వారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) మీ చేతికి వచ్చినప్పుడు ఛార్జీల నిబంధనను ఈ దృష్టితోనే చదవండి. కొనుగోలుదారు దేశం బయట అయ్యే బ్యాంకు ఛార్జీలన్నీ "ఫర్ బెనిఫిషియరీస్ అకౌంట్" అని అందులో తరచుగా ఉంటుంది. బెనిఫిషియరీ అంటే ఎగుమతిదారు, అంటే మీరే. ఆ "ఫర్" వల్ల మన దేశంలోని బ్యాంకు ఛార్జీలు మీ నెత్తిన పడతాయి. వాటిని కొనుగోలుదారు భరిస్తారని మీ ఒప్పందంలో ఉంటే అక్కడ "ఫర్ అప్లికెంట్స్ అకౌంట్" అని ఉండాలి, లేకపోతే సరుకు ఓడ ఎక్కకముందే సవరణ అడగాలి. లెటర్ ఆఫ్ క్రెడిట్లకు సంబంధించి 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమావళి 37వ అధికరణలో, మరో బ్యాంకుకు పని అప్పగించిన బ్యాంకు ఆ బ్యాంకుకు అయిన ఛార్జీలకు బాధ్యత వహిస్తుందని ఉంది. అక్కడ వాడిన మాట "లయబుల్ ఫర్". ఛార్జీలు చెల్లించే బాధ్యతకు ఎప్పుడూ "లయబుల్ ఫర్", "రెస్పాన్సిబుల్ ఫర్" అనే రాయాలి. "లయబుల్ టు" రాస్తే ఆ తరువాత పన్ను, జరిమానా వంటివి రావాలి, వాటికి లోబడినది అన్న అర్థంలో.

నేరుగా వైర్ బదిలీ ద్వారా డబ్బు వచ్చేటప్పుడు ఛార్జీలు ఎవరివో బదిలీ సూచనల్లోని ఒక సంకేతం చెబుతుంది. ఓయూఆర్ అని ఉంటే పంపేవారే అన్నీ భరిస్తారు, బీఈఎన్ అని ఉంటే అందుకునేవారు, ఎస్‌హెచ్‌ఏ అని ఉంటే ఎవరి వైపు ఛార్జీలు వారు. ఎస్‌హెచ్‌ఏ పెట్టినప్పుడు మధ్యలోని బ్యాంకులు తమ రుసుమును పంపిన మొత్తంలోంచే తీసుకోవచ్చు, అందువల్ల ఇన్వాయిస్ కన్నా తక్కువ జమ అవుతుంది. దాని గురించి రాసేటప్పుడు "ట్వెంటీ ఫైవ్ డాలర్స్ వాజ్ డిడక్టెడ్ ఫ్రమ్ ద పేమెంట్" అని రాయాలి. "డిడక్ట్" పక్కన "ఫ్రమ్" తప్పదు. ఆ తేడాను తరువాతి బిల్లులో సర్దాలంటే "అడ్జస్ట్ అగైనెస్ట్ ద నెక్స్ట్ ఇన్వాయిస్" అని, తిరిగి ఇవ్వమంటే "రీయింబర్స్ అస్ ఫర్ ద బ్యాంక్ ఛార్జెస్" అని రాయాలి. రీయింబర్స్ కూడా ఛార్జ్ లాగానే మనిషిని నేరుగా, కారణాన్ని ఫర్‌తో తీసుకుంటుంది.

"అగైనెస్ట్" గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. ఒకదానికి బదులుగా, లేదా ఒకదానిలోంచి తగ్గించి అన్న అర్థంలో అది వస్తుంది. "డాక్యుమెంట్స్ అగైనెస్ట్ పేమెంట్" అంటే డబ్బు కట్టాకే పత్రాలు ఇస్తారని. "పేమెంట్ అగైనెస్ట్ ఇన్వాయిస్" కూడా సరైనదే. సేవ ముందు మాత్రం "ఛార్జెస్ అగైనెస్ట్ ప్యాకింగ్" అని రాయకండి, అక్కడ ఫర్ ఉండాలి.

ఓడరవాణాలో కాలంతో పెరిగే ఛార్జీలుంటాయి. ఉచిత గడువు దాటాక కంటైనర్ టెర్మినల్‌లోనే ఉండిపోతే డెమరేజ్, బయటికి తీసుకెళ్లి తిరిగి ఇవ్వకపోతే డిటెన్షన్ పడుతుంది. ఐదు రోజుల ఉచిత గడువు ఉందనుకోండి, "డెమరేజ్ ఆన్ ద కంటైనర్ ఈజ్ పేయబుల్ ఫ్రమ్ ద సిక్స్త్ డే, ఎట్ ఎయిటీ డాలర్స్ పర్ డే" అని రాస్తే వస్తువుకు ఆన్, మొదలుకు ఫ్రమ్, రేటుకు ఎట్, కొలమానానికి పర్ దేని చోట అది కుదురుకుంటుంది. సరుకు రవాణా ఎవరిదో చెప్పడానికి "ఫ్రైట్ ప్రీపెయిడ్" (పంపేవారే కట్టేది), "ఫ్రైట్ కలెక్ట్" (అందుకునేవారు కట్టేది) అనే స్థిరమైన మాటలున్నాయి, వాటిలో ప్రిపొజిషన్ బెడద లేదు.

ఉచితం అన్న మాటకు "ఫ్రీ ఆఫ్ ఛార్జ్", "ఎట్ నో ఎక్స్‌ట్రా ఛార్జ్", "వితవుట్ ఛార్జ్" మూడూ సరైనవే. "ఎట్ ఫ్రీ ఆఫ్ కాస్ట్", "విత్ ఫ్రీ ఆఫ్ ఛార్జ్" అని రెండు ప్రిపొజిషన్లు పేర్చడం తప్పు. "ఫ్రీ ఫ్రమ్ ఛార్జెస్" అనేది మాత్రం పూర్తిగా వేరే సంగతి. ఆస్తి మీద అప్పు భారం లేదని చెప్పే చట్టభాష అది. స్థలం కొనేటప్పుడు మనం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూసుకునేది ఆ భారం సంగతే. ఛార్జ్ అంటే అప్పుకు హామీగా ఆస్తి మీద ఏర్పడే హక్కు అన్న ఈ అర్థంలో ప్రిపొజిషన్ సాధారణంగా ఆన్ అవుతుంది. 2013 కంపెనీల చట్టం 2(16) సెక్షన్ దాన్ని నిర్వచించి, 77వ సెక్షన్ 30 రోజుల్లోగా రిజిస్టర్ చేయించమంటుంది. మీ సంస్థ గోదాములోని నిల్వను తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకుంటే "ద బ్యాంక్ హాజ్ ఎ ఛార్జ్ ఆన్ అవర్ స్టాక్" అవుతుంది. బడ్జెట్ వార్తల్లో "ఛార్జ్డ్ ఆన్ ద కన్సాలిడేటెడ్ ఫండ్" అని చదివి ఉంటారు. రాజ్యాంగం 112వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి వేతనం, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాల వంటివి పార్లమెంటు ఓటుతో నిమిత్తం లేకుండా సంచిత నిధి మీద పడే ఖర్చులు. ఆ "ఆన్" కూడా ఈ వరుసలోనిదే.

బాధ్యత అన్న అర్థంలోని ఛార్జ్ మీ ప్రశ్నకు కొంచెం పక్కది. "షి ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ బిల్లింగ్" అని రాస్తే చాలు.

మన దేశంలో చెల్లుబాటయ్యే కొన్ని మాటలను విదేశీ ఉత్తరాల్లో మార్చుకోవడం మంచిది. "ఫ్రైట్ ఎట్ యాక్చువల్స్" మనకు బాగా తెలిసిన మాట, బయటివారు తడబడతారు. "ఫ్రైట్ ఎట్ కాస్ట్" అనండి. "ట్యాక్సెస్ ఎక్స్‌ట్రా యాజ్ అప్లికబుల్" బదులు "ఎక్స్‌క్లూజివ్ ఆఫ్ ట్యాక్సెస్" అనండి. ఇన్‌క్లూజివ్, ఎక్స్‌క్లూజివ్ రెండిటికీ ఆఫ్ కావాలి, ఇంక్లూడింగ్‌కు ఏదీ అక్కర్లేదు. వీటిని తప్పులుగా నేను చూడను. మన వ్యాపార భాష వీటితో హాయిగా నడుస్తోంది. చదివేవారు మారినప్పుడు మాట మారాలి, అంతే.

ఆలస్యపు చెల్లింపుల మీద వడ్డీ నిబంధన ఎలా రాయాలన్నది మీరు చివర్లో అడిగారు. దేశంలోని కొనుగోలుదారులకైతే, మీ సంస్థ సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) మీకు అండగా ఉంటుంది. 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. మించితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ చెల్లించాలి. చట్టంలోని "విత్ మంత్లీ రెస్ట్స్" అన్న పదబంధంలో విత్ ఉండాలి, దాన్ని మార్చవద్దు. విదేశీ కొనుగోలుదారులకు ఆ చట్టాన్ని ఉటంకించకుండా, ఒప్పందంలోనే రేటు రాసుకుని, ఇన్వాయిస్ అడుగున ఈ వాక్యం పెట్టండి: "ఇంట్రెస్ట్ విల్ బి ఛార్జ్డ్ ఆన్ ఓవర్‌డ్యూ అమౌంట్స్ ఎట్ ట్వెల్వ్ పర్సెంట్ పర్ యానమ్, ఫ్రమ్ ద డ్యూ డేట్ అంటిల్ ద డేట్ ఆఫ్ పేమెంట్." 12 శాతం నేను ఉదాహరణకు రాసినది, మీ ఒప్పందంలోని అంకెను అక్కడ వేసుకోండి. డ్యూ డేట్ ఏదో కూడా ఇన్వాయిస్ మీద తేదీగానే ముద్రించండి. "వితిన్ థర్టీ డేస్" అని మాత్రమే రాస్తే, ముప్పై రోజులు ఇన్వాయిస్ తేదీ నుంచా, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రం) తేదీ నుంచా, సరుకు చేరిన రోజు నుంచా అన్న వాదన మిగిలిపోతుంది. రోజుల్లోనే చెప్పాలనుకుంటే "వితిన్ థర్టీ డేస్ ఆఫ్ ద బిల్ ఆఫ్ లేడింగ్ డేట్" అని ఆ తేదీ పేరును కూడా వాక్యంలోనే చేర్చండి.